నాగవ్వ తేల్చిన పోలికలు

బోధన్ బస్టాండు గేటుకు ఎదురుగా గజ్జెలు కట్టిన చెరుకు రసం మిషను ఒకటుంది. చక్రం తిరిగిందంటే చాలు, ఘల్లుఘల్లుమంటూ బస్సుల హారన్లతో పోటీకి దిగుతుంది. అది ధనుంజయ్‌ది. ఇరవై మూడేళ్లుగా అక్కడే నిలబడి రసం పిండుతున్నాడు. రుద్రూర్ నుంచి వచ్చేవాళ్లూ, మహారాష్ట్ర బస్సు దిగేవాళ్లూ ఆ గజ్జెల చప్పుడు విని నేరుగా అతని దగ్గరికే వస్తారు. అంతా బాగానే ఉంది గానీ ఇందులో ఒక వింత ఉంది. ఈ ఇరవై మూడేళ్లలో ధనుంజయ్ తన రసం తాను ఒక్క గుక్క కూడా తాగి ఎరుగడు.

రుచి ఎలా ఉందో గిరాకీలను అడిగి తెలుసుకుంటాడు. వాళ్లు బాగుందంటే నమ్ముతాడు, నవ్వుతాడు. ఎందుకు తాగవయ్యా అని ఎవరైనా అడిగితే తన గుండ్రటి మొహం చుట్టూ వేలు తిప్పి చూపించి, "మాది అవ్వ మొఖం" అంటాడు. అవ్వంటే వాళ్లింట్లో అమ్మ. అది తెలిసినా అడిగినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. పాపం, ఎలా అర్థమవుతుంది? దానికి అతని నాయనమ్మ నాగవ్వ సంగతి తెలియాలి.

వాళ్ల గల్లీలో ఎవరింట పురుడు జరిగినా ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసేటప్పుడు నాగవ్వ ఉండాల్సిందే. ఆమె బిడ్డను ఒళ్లో వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, నుదురు చూసి, ముక్కు చూసి, చివరికి కాలి బొటనవేలు కూడా చూసి, ఇది ఫలానా వాళ్ల పోలిక అని తేల్చేది. మేనత్తలు అలిగినా, అమ్మమ్మలు మూతి ముడిచినా ఆ మాటకు తిరుగులేదు. సొంత కొడుకు రాజారాం పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆమెకు కళ్లద్దాలు కూడా అక్కర్లేకపోయాయి. పెద్దది సుమలత అచ్చు గుద్దినట్టు తండ్రే: కోల మొహం, పొడుగు ముక్కు, ముక్కు మీద కోపం. చిన్నవాడు ధనుంజయ్ తల్లి రాధాబాయి నోట్లోంచి ఊడిపడ్డట్టు ఉన్నాడు. అదే గుండ్రటి మొహం, అదే మందపాటి కింది పెదవి.

అక్కడితో ఆగితే ఎవరికీ ఏ నష్టమూ లేదు. ధనుంజయ్‌కి పన్నెండేళ్లప్పుడు రాధాబాయికి చక్కెర రోగం బయటపడింది. ఇంటిల్లిపాదీ దిగులుపడి కూర్చుంటే నాగవ్వ గోడకు ఆనుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత తీర్పు చెప్పింది.

"మొఖం ఎవరిదో రోగం వాండ్లదే. పిల్లకు ఫికర్ లేదు, దానిది బాపు మొఖం. పోరన్ని కాపాడుకోండ్రి."

అంతే. మర్నాడు పొద్దున్నుంచి ఆ పిల్లవాడికి గ్లాసుడు కాకర రసం మొదలైంది. ఉగాదికి బొబ్బట్ల లాంటి బచ్చాలు చేస్తే అతని వంతు సుమలత పళ్లెంలోకి పోయేది. దసరాకు కొబ్బరి, బెల్లం కూరిన గర్జెలు చేసినా అంతే, పెళ్లిలో లడ్డూ పెట్టినా అంతే. మొదట్లో సుమలత జాలిపడి ఒక ముక్క దాచి తెచ్చేది. నాగవ్వ కంట పడి రెండుసార్లు తిట్లు తిన్నాక మానేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. "నీ వంతు నేనే తింటున్న తమ్మీ, నీకు పుణ్యమే" అని ఆటపట్టిస్తూ తినేది. అలాంటివాడు పెద్దయ్యాక చెరుకు రసం మిషను పెట్టుకున్నాడంటే, దేవుడికి కూడా అప్పుడప్పుడు ఎగతాళి చేయబుద్ధవుతుందేమో మరి.

అతను నోరు కట్టుకోవడానికి నాగవ్వ భయం ఒక్కటే కారణం కాదు. రాధాబాయి ఒకసారి జాతరకు పోయి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియనే లేదు. ఎండకు కాలిన దారిలో అంత దూరం నడిచి వచ్చింది, అరికాలు బొబ్బలెక్కింది, అదీ తెలియలేదు. చూసిన వాళ్లంతా నవ్వారు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. ఆ బొబ్బ పుండై, పుండు మానక, చివరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఏడేళ్ల కిందట ఆమె పోయింది. ఇన్నేళ్లయినా ధనుంజయ్ చెవుల్లోంచి ఆ నవ్వు మాత్రం పోలేదు.

సుమలతను నిజామాబాద్‌లో ఇచ్చారు. ఆమె బీడీలు చేస్తుంది. పొద్దున వంటైపోగానే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ప్రతి బేస్తవారం బాపును చూడ్డానికి బోధన్ వస్తుంది. బస్సు దిగగానే తమ్ముడి బండి దగ్గర బెంచీ మీద కూర్చుని పెద్ద గ్లాసు రసం తాగుతుంది. తాగి, ప్రతిసారీ ఒకే మాట అంటుంది, అల్లం ఎక్కువైందని. తాగే వాళ్లంతా మెచ్చుకుంటుంటే నీకొక్కదానికే ఎందుకు ఎక్కువైతదని ధనుంజయ్ కొట్టిపారేస్తాడు. ఈ వాదం ఇద్దరికీ పండగలాంటిది.

పోయిన ఎండాకాలంలో ఒక బేస్తవారం సుమలత బస్సు దిగి వస్తూ ఉంది. చేతిలో సంచీ, మొహం నిండా చెమట. ధనుంజయ్ దూరం నుంచే చూసి నవ్వాడు. ఆమె ఎడమ కాలికి చెప్పు లేదు. అక్కా, ఇంకో చెప్పు బస్సుకు బహుమానం ఇచ్చినవా అని అడగబోయాడు. ఆమె కిందికి చూసుకుని, "అరె, ఎప్పుడు జారింది గిది?" అని తానే పకపకా నవ్వింది.

ఆ నవ్వు వినగానే ధనుంజయ్ చేయి ఆగిపోయింది. మోటారు ఆపేశాడు. గజ్జెలు ఆగాయి. గ్లాసు కోసం నిలబడ్డ గిరాకీని వదిలేసి అక్క కాలు పట్టుకుని చూశాడు. తారు రోడ్డు సెగకు అరికాలు ఎర్రగా కమిలి ఉంది. మంటగా లేదా అని అడిగాడు. ఏం లేదు, ఈమధ్య కాళ్లు కొంచెం మొద్దుబారినట్టు ఉంటున్నాయి, కూర్చుని కూర్చుని అట్లనే అయితది అందామె. ధనుంజయ్ పరుగున పోయి బస్సు మెట్ల దగ్గర పడి ఉన్న చెప్పు తెచ్చి తొడిగాడు.

సుమలత కాలికి మందైతే రాయించుకుంది. చక్కెర పరీక్ష మాటెత్తేసరికి మాత్రం ససేమిరా అంది. "నాది బాపు మొఖం. బాపుకు డెబ్బై ఎనిమిదేండ్లు, ఇప్పటికీ గిన్నెడు పాయసం తింటడు. ఆయనకు లేనిది నాకెక్కడికెళ్లి వస్తది?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన రాజారాం అరుగు మీద కూర్చుని మీసం తిప్పుతూ కూతురికి వత్తాసు పలికాడు. తమ వంశంలోనే ఆ రోగం లేదన్నాడు. మరి నీకెప్పుడైనా పరీక్ష చేశారా బాపూ అని ధనుంజయ్ అడిగితే, లేని రోగానికి పరీక్ష ఎందుకురా అని కసిరాడు. తండ్రీకూతుళ్లు ఒకే పొడుగు ముక్కు ఎగరేసి చూశారు. అలాంటి ముక్కుల ముందు ఎవడు మాత్రం ఏం మాట్లాడగలడు?

ధనుంజయ్ ఊరుకోలేదు. ఫోన్లు చేశాడు, బతిమాలాడు, అలిగాడు. ఒకసారి నిజామాబాద్‌లో ఉచిత పరీక్ష పెడితే, చేయించుకున్న వాళ్లకు స్టీలు డబ్బా ఇస్తున్నారని అబద్ధం కూడా చెప్పాడు. సుమలత వెళ్లింది, డబ్బా లేదని తెలిసి సూదికి చేయి ఇవ్వకుండానే తిరిగొచ్చింది. వచ్చి, స్టీలు డబ్బా నువ్వే కొనియ్యాలని తమ్ముణ్ణి ఫోన్లోనే నానా తిట్లూ తిట్టింది. కొనిచ్చాడు కూడా. కానీ అతనికి రోజూ పొద్దున లేవగానే తల్లి కాలే కళ్లముందు మెదిలేది. అక్కకు కూడా అట్లా అవుతుందేమో, తను చూస్తుండగానే అక్క కాలు పోతుందేమో అని లోలోపల కుమిలిపోయాడు.

ఆమెను దారికి తెచ్చింది చివరికి తమ్ముడూ కాదు, డాక్టరూ కాదు. చెరుకు తెచ్చే భోజన్న.

భోజన్న రుద్రూర్ చెరుకు పరిశోధన కేంద్రంలో ముప్పై ఏళ్లు కూలిపని చేసినవాడు. ఇప్పుడు తన మడిలో పండిన చెరుకు మోపులు కట్టి ధనుంజయ్‌కి తెచ్చి వేస్తాడు. ఒక బేస్తవారం అతను మోపు దించుతుంటే బెంచీ మీద అక్కాతమ్ముళ్ల గొడవ నడుస్తోంది. మొహం, రోగం, బాపు, అవ్వ. భోజన్న తలపాగా విప్పి మొహం తుడుచుకుని మెల్లగా సుమలత పక్కన కూర్చున్నాడు.

ఆయన చెప్పిన సంగతి ఇది. చెరుకు రైతులు గడను ముక్కలు చేసి నాటుతారు. ఆ ముక్క నుంచి మొలిచేది అచ్చం ఆ గడే. రూపూ అదే, తీపీ అదే, తెగులొస్తే తెగులూ అదే. తరతరాలుగా అది చూసి చూసి, మనుషులూ అంతే అనుకుంటాం. కానీ కొత్త రకం కావాలంటే పరిశోధన చేసే సార్లు గడ నాటరు. రెండు రకాల పూతలు కలిపి, వచ్చిన గింజలు మొలకెత్తిస్తారు. అట్లా కలిపిన మొక్కలు ఒకసారి రుద్రూర్ మడుల్లో వేశారట. తండ్రి చెరుకు లావుగా ఉండేది, ఎర్రకుళ్లు తెగులు దానికి సోకేది కాదు. తల్లి చెరుకు సన్నం, తెగులుకు లొంగేది. పిల్ల మొక్కల్లో లావుగా లేచినవన్నీ తండ్రి పోలికేనని, వాటికి తెగులు రాదని కూలీలంతా సంబరపడ్డారు.

"సార్లు కోసి సూపిచ్చిండ్రు బిడ్డా. లావుగ ఉన్నదాంట్ల గూడ ఎరుపే ఉండె. సన్నగ ఉన్న కొన్నిటికేమో మచ్చ గూడ లేదు. మనిషి గడ నుంచి మొలువడు, గింజ నుంచి మొలుస్తడు. తల్లిది సగం, తండ్రిది సగం. రూపు ఒక తొవ్వల వస్తది, రోగం ఇంకో తొవ్వల వస్తది."

అని ఊరుకోకుండా మోపులోంచి రెండు గడలు లాగాడు. రెండూ ఒకే లావు, ఒకే నిగనిగ. ధనుంజయ్ దగ్గరున్న కత్తి తీసుకుని నిలువునా చీల్చాడు. ఒకటి తెల్లగా తళతళలాడింది. రెండోదాని లోపల ఎర్రటి చారలు, పులిసిన వాసన. ధనుంజయ్‌కి అది కొత్త కాదు, రోజుకు ఒకటో రెండో అట్లాంటివి పక్కన పారేస్తూనే ఉంటాడు. ఇన్నేళ్లుగా చేతిలో పట్టుకున్నదే తనకు తట్టలేదు చూడు అని నెత్తి కొట్టుకున్నాడు. సుమలత ఆ ఎరుపు వైపు చాలాసేపు చూసింది. చేతిలో సగం తాగిన గ్లాసు మెల్లగా బెంచీ మీద పెట్టింది.

"మరి మనిషిని ఎట్ల కోసి సూస్తరే?" అంది. గొంతులో ఇంతకుముందున్న బింకం లేదు.

"కోసే పని లేదు. ఒక్క సుక్క నెత్తురు సాలు" అన్నాడు భోజన్న.

సరేనంది గానీ ఊరికే అంటే ఆమె సుమలత ఎట్లా అవుతుంది? తనతోపాటు తమ్ముడూ, బాపూ కూడా చేయించుకోవాలని షరతు పెట్టింది. ఎవరి మొఖానికి ఏ రోగముందో అక్కడే తేలుతుందంది. తన నంబరు సున్నా వస్తుందని రాజారాం కూడా ఉత్సాహంగా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మర్నాడు పరగడుపున ముగ్గురూ ఆటోలో దవఖానకు పోయారు.

అక్కడి డాక్టరమ్మ సుకన్య చిన్న వయసుది, నిదానస్తురాలు. మూడు కాగితాలూ ముందు పెట్టుకుని ఒక్కొక్కరి పేరూ పిలిచింది. సుమలతకు చక్కెర ఉంది, అదీ చాలానే ఉంది. రాజారాంకూ ఉంది, ఎన్నేళ్ల నుంచి ఉందో దేవుడికే ఎరుక. ధనుంజయ్‌కి లేదు.

ముందుగా రాజారాం తేరుకుని చీటీలు మారి ఉంటాయన్నాడు. తనదీ కొడుకుదీ తారుమారయ్యాయని వాదించాడు. డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్లీ నెత్తురు తీయించింది, గడిచిన మూడు నెలల లెక్క చెప్పే పరీక్ష కూడా చేయించింది. చీటీలు మారలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మీసం మొదటిసారి కిందికి వాలింది.

ధనుంజయ్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మరి అవ్వ మొహం నాది కదా మేడమ్, నాకెందుకు రాలేదు అని దొంగలా అడిగాడు. మొహాన్ని బట్టి ఏదీ చెప్పలేమంది డాక్టరమ్మ. ముక్కునూ పెదవినీ తీర్చే జన్యువులు వేరు, చక్కెరకు దారితీసేవి వేరు. అవి ఒకటీ రెండూ కాదు, చిన్నవి చాలా ఉంటాయి. తల్లి సగం, తండ్రి సగం పేకాట పత్తాల్లా కలిపి పంచుతారు, ఎవరి చేతికి ఏవి పడ్డాయో పైకి కనిపించదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే ముప్పు కొంత, ఇద్దరికీ ఉంటే చాలా ఎక్కువ. ఈ ఇంట్లో ఇద్దరికీ ఉంది కాబట్టి ముప్పు ఇద్దరు పిల్లలకూ ఉన్నట్టే.

"అయితే ముప్పు ఉన్నంత మాత్రాన రోగం వచ్చి తీరాలని లేదన్నా. మీరు పొద్దంతా నిలబడి పని చేస్తరు, బండి నూకుతరు, తిండిల జాగ్రత్త. అది మిమ్మల్ని ఆపి ఉండొచ్చు. అక్క కూర్చున్న కాడికెళ్లి లేవదు. మీరు గూడ ఏడాదికోసారి చూపిచ్చుకోవాలె."

సుమలత పాదాలకు సన్నటి తీగ లాంటిది ఆనించి చూసి, ఎక్కడ తగిలిందో చెప్పమంది. చాలా చోట్ల ఆమె చెప్పలేకపోయింది. మందులు వేసుకుని, నడిచి, చక్కెరను అదుపులో పెడితే కాళ్లు నిలుస్తాయనీ, స్పర్శ కొంత తిరిగి రావచ్చనీ, వస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోమంది. ధనుంజయ్ పోతూ పోతూ వెనక్కి తిరిగి, నేను ఎప్పుడైనా చెరుకు రసం తాగొచ్చా అని అడిగాడు. ఎప్పుడో ఒకసారి అరగ్లాసుకు ఏం కాదంది.

బండి దగ్గరికొచ్చాక అతను నిజంగానే అరగ్లాసు పిండాడు. పెదవుల దాకా తెచ్చాడు. బెంచీ మీద సుమలత కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"నీ వంతంతా నేనే తిన్న గద తమ్మీ" అంది.

ఒక్క తీపి వల్లనే రాలేదని మేడమ్ చెప్పింది కదక్కా అని నచ్చజెప్పాడు గానీ తనకూ తాగబుద్ధి కాలేదు. గ్లాసు పక్కనున్న గిరాకీకి ఇచ్చేశాడు. "నీ కాలుకు తెలివొచ్చినంక తాగుత" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంటి తమాషా చూడాలి. రాజారాం పొద్దున్నే బస్టాండు చుట్టూ నాలుగు చుట్లు నడుస్తూ, ఎదురుపడ్డ ప్రతివాడినీ ఆపి, నీకు చక్కెర లేదని ఎట్లా తెలుసు, నాకూ లేదనే అనుకున్నానని క్లాసు పీకడం మొదలుపెట్టాడు. ధనుంజయ్ అక్కకు వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాడు, జారిపోవడానికి వీల్లేకుండా. వాటితోపాటు సీసాడు కాకర రసం కూడా పంపాడు. మందు మాత్రం డాక్టరమ్మ ఇచ్చిన గోళీయేనని, ఇది పన్నెండేళ్లప్పటి నుంచి తాను తాగిన చేదుకు బదులుగా పంపుతున్నానని కబురు చేశాడు. ఆమె తిడుతూనే తాగింది. ఇరవై బీడీ కట్టలకు ఒకసారి చాట దించి గల్లీ చివరి దాకా నడిచి వచ్చేది. ఏమక్కా, ఎవరికోసం ఎదురుచూస్తున్నవని తోటి ఆడవాళ్లు మొదట ఎగతాళి చేశారు. నెల తిరిగేసరికి ఆమె వెంట ఆరుగురు నడుస్తున్నారు. అందులో ఇద్దరికి పరీక్షలో చక్కెర ఉన్నట్టు తేలింది. ఒకామెది తల్లి మొహం, ఒకామెది తండ్రి మొహం.

చలి మొదలై కొత్త చెరుకు దిగుతున్న రోజుల్లో ఒక బేస్తవారం సుమలత బస్సు దిగింది. రెండు కాళ్లకూ చెప్పులున్నాయి. అయినా కుంటుతోంది. కుంటుతూ, బస్టాండు ముందు కంకర పోసిన వాళ్లను ఏడు తరాలకు సరిపడా తిడుతోంది. ధనుంజయ్ మోటారు ఆపేశాడు. పరుగున పోయి బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పు పట్టీ విప్పి దులిపాడు. పెసర గింజంత రాయి ఒకటి కింద పడింది.

"గిదేనా? నొచ్చిందా అక్కా?" అని అడిగాడు.

"నొయ్యదా మరి? బస్సు దిగిన కాడికెళ్లి సూది గుచ్చినట్టు గుచ్చుతుంది" అని గయ్‌మంది సుమలత. అని, ఆగిపోయింది. తాను ఏమందో అప్పుడు ఆమెకే వినబడింది. తమ్ముడి మొహం చూసింది. ఎడమ కాలి మడమ దగ్గర తానే గోరుతో గిచ్చుకుని చూసుకుంది. ఇక్కడ తెలుస్తుంది అంది. ఇక్కడ గూడ, అంది. వేళ్ల దగ్గర ఇంకా మొద్దుగానే ఉందట. ఉండనీ.

ధనుంజయ్ లేచి చేతులు కడుక్కున్నాడు. మోపులో మేలైన గడ ఒకటి ఏరి, నిలువునా చీల్చి లోపల తెల్లగా ఉందని చూసుకుని మిషనులో పెట్టాడు. గజ్జెలు ఘల్లుమన్నాయి. ఎప్పట్లాగే అల్లం, నిమ్మకాయ వేసి అరగ్లాసు పట్టుకున్నాడు. పదిమంది గిరాకీలూ చేస్తున్న పని మానేసి అతని వైపే చూస్తున్నారు. కళ్లు మూసుకుని తాగాడు. తెరిచేసరికి కళ్ల నిండా నీళ్లు.

ఎట్లుందని సుమలత అడిగింది. అతను చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"అల్లం ఎక్కువైంది" అన్నాడు.

"ఇన్నేండ్ల నుంచి నేను గదే గద చెప్తున్న" అంది సుమలత, తన రెండో చెప్పు పట్టీ కూడా వదులు చేసుకుంటూ.